గెలిచింది పడవా, తెడ్డా?

పున్నమడ సరస్సులో సెకనులో వెయ్యింట ఐదు వంతుల తేడా రేపిన వివాదం

కేరళలోని అలప్పుళ పట్టణాన్ని ఆనుకుని ఉన్న పున్నమడ సరస్సులో 2024 సెప్టెంబరు 28న జరిగిన నెహ్రూ ట్రోఫీ పడవ పందెం ఫైనల్‌లో కారిచాల్ పడవ 4 నిమిషాల 29.785 సెకన్లలో గమ్యం చేరింది. వీయపురం పడవకు పట్టిన కాలం 4 నిమిషాల 29.790 సెకన్లు. రెండింటికీ మధ్య తేడా సెకనులో వెయ్యింట ఐదు వంతులు మాత్రమే. మనిషి రెప్పపాటు కాలంలో ఇటువంటి తేడాలు ఇరవై దాకా ఇముడుతాయి. ఒడ్డున నిలిచి చూసిన వేలాది మందిలో ఏ ఒక్కరికీ ఆ తేడా కంటికి ఆనలేదు. విజేత ఎవరో యంత్రం చెప్పిన తర్వాతే తెలిసింది. ఓడినవారు ఆ యంత్రాన్ని నమ్మలేదు. ఫిర్యాదులు వచ్చాయి, నిర్వాహకులు విచారించారు, ఫలితం మాత్రం మారలేదు. అయితే కుట్టనాడు పల్లెల్లో టీ దుకాణాల వద్ద, కల్లు పాకల్లో, పడవ రేవుల్లో నాడు మొదలైన వాదం తర్వాతి పందెం వచ్చినా ఆరలేదు.

ఈ వాదాన్ని ఆటల పిచ్చిగా కొట్టివేయడానికి వీలులేదు. మన వైపు కోడి పందేలకూ, ఎడ్ల పందేలకూ వచ్చేవారు గెలిచిన కోడినో, ఎడ్ల జతనో పొగిడి ఇంటికి పోతారు. కుట్టనాడులో అలా కాదు. ఒక్కొక్క పడవకూ ఒక ఊరు ఉంది, ఊరివారు చందాలు, వాటాలు వేసుకుని దానిని కట్టించుకుంటారు. పడవ పేరు చాలా సందర్భాల్లో ఆ ఊరి పేరే. పడవ గెలిస్తే ఊరు గెలిచినట్టు. కానీ అందులో కూర్చుని తెడ్డు వేసేవారు ఆ ఊరివారేనా అన్నది ఇప్పుడు అసలు ప్రశ్న. వెయ్యింట ఐదు వంతుల తేడాపై రేగిన తగాదా కూడా తరచి చూస్తే చివరకు ఆ ప్రశ్న దగ్గరకే చేరుతుంది.

నూరడుగుల సర్పం

మలయాళంలో పడవను వళ్ళం అనీ, ఆటను కళి అనీ అంటారు. వళ్ళంకళి అంటే పడవల ఆట. ఇందులో పాల్గొనే పడవలు చాలా రకాలున్నా జనం ఎదురుచూసేది చుండన్ వళ్ళం కోసమే. నూరు అడుగుల నుంచి నూట ముప్ఫై అడుగులకు పైగా పొడవుండే ఈ పడవకు వెనుక భాగం పడగ విప్పిన పాములా నీటి నుంచి పైకి లేచి ఉంటుంది. విదేశీ యాత్రికులు పాము పడవ అని పేరు పెట్టింది అందుకే. అంబలప్పుళ ప్రాంతాన్ని ఏలిన చెంబకశ్శేరి రాజు పొరుగు రాజ్యమైన కాయంకుళంతో యుద్ధం కోసం వేగంగా పోయే పడవను రూపొందించమని తన వడ్రంగులను ఆదేశించాడనీ, అలా పుట్టిందే చుండన్ అనీ ఐతిహ్యం చెబుతుంది.

దీనిని పనస జాతికి చెందిన ఆంజిలి కలపతో కడతారు. ఈ విద్య కొన్ని వడ్రంగి కుటుంబాల సొత్తు. వారిలో కోయిల్‌ముక్కు నారాయణన్ ఆచారి పేరు ప్రఖ్యాతం. పందేల్లో పేరు పొందిన అనేక పడవలు, కారిచాల్ సహా, ఆయన చేతి మీదుగా వచ్చినవే. పడవ అడుగు భాగానికి చేపనూనె, కొబ్బరి చిప్పల బొగ్గు, కోడిగుడ్డు సొన కలిపి పూయడం పూర్వాచారం. దీనిలో శాస్త్రం లేకపోలేదు. నీటిపై పోయే ఏ పడవకైనా రెండు అడ్డంకులు ఉంటాయి. తాను లేపే అలలను తోసుకుపోవడం ఒకటి, అడుగు భాగాన్ని నీరు రాసుకునే రాపిడి మరొకటి. పడవ ఎంత పొడవైతే అలల అడ్డంకి అంత ఎక్కువ వేగం వద్ద గానీ ఎదురుకాదు. నూట ముప్ఫై అడుగుల చుండన్ గంటకు 15 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ వేగంతో పోతుంది. ఆ పొడవుకు ఆ వేగం వద్ద అలల బాధ స్వల్పమే. మిగిలిన శత్రువు రాపిడి. అందుకే పందెం ముందు రోజుల్లో వడ్రంగులు అడుగు భాగాన్ని అద్దంలా నునుపు చేస్తారు.

పడవలో ఎనభై, తొంభై మంది ఇద్దరేసి చొప్పున కూర్చుని తెడ్లు వేస్తారు. మధ్యలో నిలబడిన కొందరు బరువైన కర్రలతో పలక మీద మోదుతూ తాళం వేస్తారు. పాట అందుకునేవారు వేరు. వెనుక, ఎత్తైన అమరం మీద అయిదుగురు వరకు పొడవాటి తెడ్లతో నిలబడి దిశ తప్పకుండా చూస్తారు. అందరూ కలిసి నూరు మందికి పైమాటే. క్రికెట్ జట్టులో ఒకరు విఫలమైతే మిగిలిన పదిమంది కాపాడవచ్చు. ఇక్కడ ఒక్కడు తాళం తప్పితే వెనుకవాడి తెడ్డు ముందువాడి తెడ్డుకు తగులుతుంది. ఆ తడబాటు పడవ పొడవునా పాకుతుంది.

నెహ్రూ దూకిన పడవ

పందేలు అంతకు ముందూ ఉన్నాయి గానీ వాటికి దేశవ్యాప్త ఖ్యాతి వచ్చింది 1952లో. నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ అప్పటి తిరువాన్కూరు–కొచ్చిన్ రాష్ట్రంలో పర్యటిస్తూ కొట్టాయం నుంచి అలప్పుళకు జలమార్గంలో వచ్చారు. ఆయన గౌరవార్థం ఏర్పాటైన పందెంలో నడుభాగం చుండన్ గెలిచింది. భద్రతా సిబ్బంది వారిస్తున్నా లెక్కచేయక నెహ్రూ ఆ పడవలోకి దూకి, ఉత్సాహంగా రేవు దాకా ప్రయాణం చేశారు. ఢిల్లీకి వెళ్ళిన తర్వాత పాము పడవ నమూనాతో తన సంతకమున్న వెండి ట్రోఫీని పంపారు. మొదట ప్రధానమంత్రి ట్రోఫీగా పిలిచిన దానికి 1969లో నెహ్రూ ట్రోఫీ అని పేరు మార్చారు. ఏటా ఆగస్టు రెండో శనివారం పందెం జరపడం ఆచారంగా స్థిరపడింది. ఇటీవలి కాలంలో ఆ తేదీ నిలకడగా లేదు. 2018లో వరదల వల్ల పందెం నవంబరుకు పోయింది. 2020, 2021లలో కోవిడ్ కారణంగా జరగనే లేదు. 2024లో వయనాడ్ జిల్లాలో కొండచరియలు విరిగిపడి వందలాది మంది మరణించడంతో ఆగస్టు పందెం సెప్టెంబరు చివరికి వాయిదా పడింది.

ఈ వాయిదాల ఆర్థిక భారం బయటివారికి తెలియదు. పందేనికి వారాల ముందు క్లబ్బులు శిక్షణ శిబిరాలు నడుపుతాయి. నూరు మందికి పైగా యువకులకు రెండు పూటలా మాంసం, చేపలు, గుడ్లు, పాలు సమకూర్చాలి. ఉద్యోగాలు, కూలి పనులు మానుకుని వచ్చినవారికి దినభత్యం ఇవ్వాలి. పందెం వాయిదా పడితే శిబిరం మూసివేసి మళ్ళీ తెరవాలి. ఖర్చు రెట్టింపవుతుంది. గల్ఫ్‌లోనో, మరో చోటో స్థిరపడిన సంపన్నుడు కెప్టెన్ హోదాలో ఆ ఖర్చు భరించడం ఇక్కడ సాధారణమైంది. కెప్టెన్ తెడ్డు వేయవలసిన పని లేదు. పడవలో నిలబడితే చాలు.

ఒకే క్లబ్బు, నాలుగు పడవలు

ఇక అభిమానుల వాదంలోకి వద్దాం. పాత తరం వారి దృష్టిలో పందెం గెలిచేది పడవ. కారిచాల్‌ను వారు జలచక్రవర్తి అంటారు. 2024 విజయంతో దాని ఖాతాలో పదహారు నెహ్రూ ట్రోఫీలు చేరాయి. మరే పడవకూ అన్ని లేవు. 1970ల నుంచి తరాలు మారినా, తెడ్డు వేసేవారు మారినా ఆ పడవ గెలుస్తూనే ఉన్నదంటే గొప్పతనం కలపదీ, ఆచారి చేతిదీ కాక మరెవరిదని వారి ప్రశ్న.

కొత్త తరం దీనికి ఒక లెక్కతో సమాధానం చెబుతుంది. 2019లో ట్రోఫీ గెలిచిన పడవ నడుభాగం. 2022లో మహాదేవికాడ్ కాట్టిల్ తెక్కేతిల్. 2023లో వీయపురం. 2024లో కారిచాల్. పడవలు నాలుగు, ఊళ్ళు నాలుగు. కానీ నాలుగు సార్లూ అందులో కూర్చుని తెడ్డు వేసింది పళ్ళాత్తురుత్తి బోట్ క్లబ్బే. ఏటా పడవ మార్చి కూడా గెలిచిన క్లబ్బును చూసిన తర్వాత గెలుపు పడవదని ఎలా అంటారని యువకులు నిలదీస్తారు.

ఈ లెక్కను కాదనడం కష్టమే. అయినా ఇది పూర్తి లెక్క కాదు. బలమైన క్లబ్బుకు ఏ పడవ కావాలంటే ఆ పడవ దొరుకుతుంది. పడవ సమితులు కూడా గెలిచే క్లబ్బుకే తమ పడవను అప్పగించాలని ఆశిస్తాయి. అంటే పళ్ళాత్తురుత్తి ఎక్కినవన్నీ ఆ ఏటి మేలైన పడవలే కావచ్చు. మంచి చేతులు మంచి పడవనే వెతుక్కున్నప్పుడు ఏది ఎంత గెలిపించిందో విడదీసి చెప్పగల తక్కెడ ఎవరి దగ్గరా లేదు.

ఇదే తర్కం ప్రపంచంలో పడవ పందేలున్న ప్రతిచోటా వినిపిస్తుంది. అమెరికా కప్ పేరిట జరిగే తెరచాప పడవల పందేల అభిమానులు దశాబ్దాలుగా ఇదే కొట్లాడుకుంటున్నారు. 132 ఏళ్ళ పాటు న్యూయార్క్ యాట్ క్లబ్ చేతిలో ఉన్న ఆ కప్పును 1983లో ఆస్ట్రేలియా–2 అనే పడవ ఎగరేసుకుపోయింది. దాని అడుగున రెక్కలు అమర్చిన కొత్త రకం ఇరుసు ఉండడంతో ఘనత నావికులదా, రూపశిల్పిదా అన్న వాదం పుట్టింది. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలో నీటి మీద తేలిపోతూ పరుగెత్తే జంట పొట్టల పడవలతో జరిగిన పోటీలో న్యూజిలాండ్ జట్టు 8–1 ఆధిక్యంలో ఉండి, మరొక్క పందెం గెలిస్తే చాలన్న స్థితిలో వరుసగా ఎనిమిది ఓడిపోయి 9–8తో కప్పు కోల్పోయింది. అమెరికా జట్టు మధ్యలో వ్యూహకర్తను మార్చింది, పడవకు మార్పులు చేసింది, పడవ నడపడంలో నేర్పు పెంచుకుంది. మూడూ ఒకేసారి జరిగాయి. ఏది గెలిపించిందన్న దానిపై నేటికీ ఏకాభిప్రాయం లేదు. కోట్ల డాలర్లు, కంప్యూటర్లు, కొలత పరికరాలు ఉన్నచోటే తేలని విషయం కుట్టనాడు టీ దుకాణంలో తేలకపోవడంలో వింత ఏముంది?

ఈ చిక్కు రాకూడదనే డ్రాగన్ పడవల పోటీల్లో అందరికీ ఒకే కొలతల పడవలు ఇస్తారు. 2025 సంక్రాంతికి మన కోనసీమలోని ఆత్రేయపురంలో జరిగినవి ఆ కోవకు చెందినవే. అక్కడ ఓడినవాడు పడవను నిందించలేడు. కేరళలో అటువంటి ఏర్పాటు చేస్తే వాదం ముగుస్తుంది, దానితో పాటు పందెమూ ముగుస్తుంది. తమ ఊరి పడవ కానిదానికి చందా ఎవరు ఇస్తారు?

దమ్ము దాచుకోవడం కుదరదు

వ్యూహాల విషయంలో అభిమానులు రెండు వర్గాలు. చిన్న చిన్న పోట్లతో వేగంగా తెడ్డు వేయాలన్నది ఒక వాదం. లోతుగా, నిడివిగా, తక్కువ పోట్లతో లాగాలన్నది మరొక వాదం. సైన్యంలో, పారామిలిటరీ దళాలలో కయాకింగ్, కనోయింగ్ శిక్షణ పొందినవారు పడవల్లోకి రావడం మొదలైన తర్వాత ఈ చర్చ మరింత వేడెక్కింది. తాళం వేసేవాడి కర్ర పోటును బట్టే తొంభై తెడ్లూ లేస్తాయి కాబట్టి, ఏ క్షణాన వేగం పెంచాలో నిర్ణయించేది అతడే. ముందే పెంచితే చివరి వంద మీటర్లలో చేతులు బరువెక్కుతాయి. ఆలస్యమైతే అందుకోవడానికి నీరు మిగలదు.

మనుషుల సంఖ్యపైనా ఇటువంటి తగవే ఉంది. మరో పదిమందిని ఎక్కిస్తే పది తెడ్ల బలం చేరుతుంది. కానీ వారి బరువుకు పడవ నీటిలోకి దిగుతుంది, తడిసే కలప పెరుగుతుంది, రాపిడి పెరుగుతుంది. ఆ పదిమంది తాము తెచ్చిన బరువును తామే మోయగలిగితే సరి, లేకుంటే నష్టం.

అన్నిటికన్నా పెద్ద మార్పు నిబంధనల వల్ల వచ్చింది. ఒకప్పుడు హీట్‌లో మొదటి స్థానంలో వచ్చిన పడవ ఫైనల్‌కు చేరేది. బలహీనమైన హీట్ దొరికిన జట్టు దమ్ము దాచుకుని, పక్కవాడి కంటే ఒక్క మూర ముందుంటే సరిపోయేది. ఇప్పుడు అన్ని హీట్లలోనూ నమోదైన కాలాలను పోల్చి, అతి తక్కువ కాలం తీసుకున్న నాలుగు పడవలనే ఫైనల్‌కు పంపుతున్నారు. అంటే హీట్‌లోనే ప్రాణం పెట్టి లాగాలి, అదే సాయంత్రం ఫైనల్‌లో మళ్ళీ లాగాలి. 2024లో కారిచాల్ హీట్‌లో 4 నిమిషాల 14 సెకన్ల పైచిలుకులో గమ్యం చేరింది. ఫైనల్‌లో అదే పడవకు, అదే జట్టుకు పదిహేను సెకన్లు అదనంగా పట్టాయి. అలసట వల్లనా, ఎదురుగాలి వల్లనా, నీటి పోటు వల్లనా అన్నది ఎవరి ఊహ వారిది. ఏమైనా, ఒకే రోజు ఒకే జట్టు విషయంలో పదిహేను సెకన్లు అటూ ఇటూ అయ్యే ఆటలో వెయ్యింట ఐదు వంతులతో ఒకరిని చక్రవర్తిగా, మరొకరిని పరాజితుడిగా నిలబెట్టడం జరిగింది.

ఆ వెయ్యింట ఐదు వంతులను దూరంలోకి మార్చి చూస్తే సంగతి మరింత స్పష్టమవుతుంది. ఫైనల్‌లో ఆ పడవలు సెకనుకు నాలుగు మీటర్లకు కొంచెం పైగా ప్రయాణించాయి. సెకనులో వెయ్యింట ఐదు వంతుల కాలంలో ముందుకు జరిగేది రెండు సెంటీమీటర్లు, మహా అయితే రెండున్నర. అంగుళానికి మించదు. ఇప్పుడు ప్రారంభ రేఖ దగ్గరకు పోదాం. నూట ముప్ఫై అడుగుల పడవలు నాలుగు, నూరేసి మంది బరువుతో, కదిలే నీటి మీద, గాలికి ఊగుతూ ఒకే వరుసలో నిలబడాలి. అక్కడ ఒక పడవ ముక్కు జానెడు ముందు ఉన్నా, గమ్యం దగ్గర ఆ జానెడూ అలాగే ఉంటుంది. జానెడు అంటే దాదాపు సెకనులో ఇరవయ్యో వంతు. వివాదంలో ఉన్న తేడాకు అది పది రెట్లు. గమ్యం వద్ద కొలత ఎంత సూక్ష్మమైనా, ప్రారంభం వద్ద కొలత అంత సూక్ష్మం కానప్పుడు ఆ ఫలితాన్ని న్యాయమైన సమానంగా భావించడమే సబబని చాలామంది అభిమానుల వాదన. ఈ వాదనలో బలముంది. ట్రోఫీని రెండు ఊళ్ళూ ఆరేసి నెలలు ఉంచుకుని ఉంటే కొంపలేమీ మునిగేవి కావు. కానీ పందెం నియమాలు రాసినవారు ఇంతటి సమీప ఫలితాన్ని ఊహించి ఉండరు. యంత్రం ఒక అంకె చెప్పిన తర్వాత దానిని పక్కన పెట్టే ధైర్యం ఏ అధికారికి ఉంటుంది?

వరుసల కేటాయింపుపై కూడా ఏటా గొణుగుడు ఉంటుంది. ఏ ట్రాక్ ఒడ్డుకు దగ్గర, ఎక్కడ గాలి తక్కువ, ఎక్కడ లోతు ఎక్కువ అన్న లెక్కలు అభిమానుల నాలుకల మీద ఉంటాయి. చీటీ వేసి ఇచ్చేది కాబట్టి దానిపై చెప్పుకోవలసింది పెద్దగా లేదు.

అద్దె చేతులు

అసలు నొప్పి వేరే చోట ఉంది. కుట్టనాడు సముద్ర మట్టానికి దిగువన సాగయ్యే వరి పొలాల ప్రాంతం. వ్యవసాయం గిట్టుబాటు కాక, ఏటా వరదలు తప్పక, చదువుకున్న యువకులు గల్ఫ్ దేశాలకో, నగరాలకో తరలిపోయారు. పూర్వం పొలానికీ, బడికీ, గుడికీ, చర్చికీ పడవలోనే పోయే పిల్లవాడికి తెడ్డు పుట్టుకతో వచ్చేది. ఇప్పుడు రోడ్లు, వంతెనలు వచ్చాయి. ఊళ్ళో తొంభై మంది గట్టి తెడ్డుగాళ్ళను పోగుచేయడం చాలా సమితులకు అసాధ్యంగా మారింది. దానితో పడవ ఒక ఊరిది, క్లబ్బు మరొక ఊరిది, తెడ్డుగాళ్ళు ఎక్కడెక్కడివారో అన్న పరిస్థితి వచ్చింది. సైనిక, పోలీసు విభాగాల క్రీడాకారులను, ఇతర రాష్ట్రాల నీటి క్రీడల నిపుణులను డబ్బిచ్చి రప్పించడం పెరిగింది. దీనిపై ఆందోళన రావడంతో ఇతర రాష్ట్రాలవారి సంఖ్య జట్టులో నాలుగో వంతుకు మించరాదని నిబంధన విధించారు. ఆ నిబంధన అమలు మరో వివాదం. నూరు మంది ఒకే రంగు బనియన్లు వేసుకుని కూర్చున్నప్పుడు ఎవరు ఏ రాష్ట్రమో ఒడ్డున ఉన్న అధికారి ఎలా పోల్చుకుంటాడు?

2019లో కేరళ ప్రభుత్వ పర్యాటక శాఖ ఐపీఎల్ తరహాలో చాంపియన్స్ బోట్ లీగ్‌ను ప్రారంభించడంతో డబ్బు ప్రవాహం మరింత పెరిగింది. తొమ్మిది జట్లు, పన్నెండు వేదికలు, నెహ్రూ ట్రోఫీతో మొదలై కొల్లంలోని అష్టముడి సరస్సులో ప్రెసిడెంట్స్ ట్రోఫీతో ముగిసే పోటీలుగా దానిని రూపొందించారు. తొలి ఏటి విజేత పళ్ళాత్తురుత్తి జట్టే. ఏడాదికి ఒక్క రోజు పండుగ కోసం అప్పుల పాలయ్యే క్లబ్బులకు మూడు నెలల పాటు ఆదాయం లభించడం, వర్షాకాలం చివరలో హౌస్‌బోట్లకూ, హోటళ్ళకూ గిరాకీ రావడం దీనివల్ల కలిగిన మేలు. అయితే లీగ్‌లో చోటు దొరికిన తొమ్మిది జట్లకూ, దొరకని మిగిలిన వాటికీ మధ్య దూరం పెరిగింది. డబ్బున్న క్లబ్బు మంచి చేతులను ముందే మాట్లాడుకుంటుంది. చిన్న ఊరి పడవ షెడ్డులో ఎండుతుంది. ప్రభుత్వం ఇవ్వవలసిన బోనస్ సొమ్ము ఆలస్యంగా చేరుతున్నదన్న ఫిర్యాదు కూడా క్లబ్బుల నుంచి తరచు వినిపిస్తున్నదే.

డబ్బు వద్దని చెప్పడం ఒడ్డున కూర్చున్నవారికి సులువు. ఊరి యువకులతోనే పడవ నడపాలని పట్టుబట్టిన సమితి చివరి స్థానంలో వస్తే మరుసటి ఏడు చందాలు రావు. అద్దె చేతులతో గెలిస్తే ఊరంతా ఊరేగింపు తీస్తుంది. వాదించే అభిమానే ఊరేగింపులోనూ ముందుంటాడు.

ఈ పోరుకు పూర్తిగా దూరంగా ఉన్న సంప్రదాయం ఒకటి పంపా నది ఒడ్డున ఆరన్ముళలో మిగిలింది. అక్కడి పడవలను పళ్ళియోడాలంటారు. అవి పార్థసారథి స్వామికి చెందిన పవిత్ర నౌకలని నమ్మకం. చెప్పులతో వాటిని ఎక్కరు. ఓణం పండుగ తర్వాత ఉత్తరట్టాది నాడు జరిగే జలోత్సవంలో పాట, లయ, తెడ్ల ఒద్దిక ముఖ్యం. అక్కడా అభిమానులు వాదించుకుంటారు, ఎవరి పాట శ్రుతి తప్పిందన్న దానిపై. వేగమే ముఖ్యమనుకునే పున్నమడ యువకులకు అది ముసలివాళ్ళ ఆటగా కనిపిస్తుంది. ఆరన్ముళవారికి పున్నమడ సంతగా కనిపిస్తుంది.

2025లో నెహ్రూ ట్రోఫీ ఆగస్టు 30న జరిగింది. అంతకు ముందు ఏడు అంగుళం తేడాతో ఓడిన వీయపురం పడవ, అదే కైనకరి విలేజ్ బోట్ క్లబ్ చేతులతో 4 నిమిషాల 21.084 సెకన్లలో గెలిచింది. ఈసారి రెండో స్థానంలో నిలిచిన నడుభాగానికీ, విజేతకూ మధ్య అర సెకనుకు పైగా తేడా ఉంది కాబట్టి గడియారంపై తగాదా రాలేదు. 2023లో పళ్ళాత్తురుత్తితో గెలిచిన వీయపురం రెండేళ్ళ తర్వాత మరో క్లబ్బుతో గెలవడంతో పడవదే గెలుపన్న పాత తరానికి కొత్త ఆధారం దొరికింది. కైనకరి కుర్రాళ్ళ కసి వల్లే గెలిచారని కొత్త తరం అంటుంది. పందెం ముగిసిన వెంటనే జట్లలో ఇతర రాష్ట్రాల తెడ్డుగాళ్ళ సంఖ్య పరిమితి మించిందంటూ నిర్వాహకులకు ఫిర్యాదులు అందాయి.